పదిహేడో వాల్వు

నాకు కొన్నాళ్లుగా ఒక సందేహం ఉంది. ఒకరు చేసిన తప్పును ఇంకొకరు వచ్చి నిజం చేసేస్తే, దేవుడు ఆ తప్పును కొట్టేస్తాడా, అలాగే ఉంచుతాడా? రోజూ దీపం పెట్టేటప్పుడు అడుగుతాను. ఆయన ఇంతవరకూ తేల్చలేదు.

మా ఇంటి ముందు చివరిసారి గుంత తవ్వినప్పటి నుంచి ఈ సందేహం.

ఆసారి తవ్వించడానికి ఒక అమ్మాయి వచ్చింది. మునిసిపాలిటీ నీళ్ల విభాగంలో టెక్నికల్ అసిస్టెంటు. చేరి ఐదు నెలలయింది. చంకలో చుట్టిన పటం, చెవి మీద పెన్సిలు, పాదాల కంటే పెద్ద బూట్లు.

ఊళ్లోని పైపుల మీద ఉన్న వాల్వులన్నీ వెతికి, కంప్యూటరులో ఎక్కించడం ఆమె పని. నలభై రెండింటిలో నలభై ఒకటి దొరికాయి. పదిహేడోది దొరకలేదు. పాత పటంలో ప్రతి వాల్వుకూ ఒక నల్లచుక్క. పదిహేడో చుక్క సరిగ్గా మా గేటు ఎదురుగా ఉంది.

“దొరకదమ్మా,” అన్నాను, మంచినీళ్లు అందిస్తూ. “నీకు ముందు ముగ్గురు తవ్వారు.”

“అలా అనకండి తాతయ్యా. ఇది దొరక్కపోతే నన్ను పర్మనెంటు చెయ్యరట.”

“ఎవరన్నారు?”

“మా ఇంజనీరు గారు. పటం తప్పు చెప్పదు, తవ్వేవాళ్లకే బుద్ధి లేదంటారు. గీసేది ఒకరు, నంబర్లు వేసేది ఇంకొకరు, తవ్వి చచ్చేది మేము.”

ఆ ఇంజనీరుకి ఆఫీసులో చాటున పెట్టుకున్న పేరు స్కేలుబద్ద. భోజనానికి కూర్చున్నా ముందు బల్ల కొలుస్తాడని ఆ అమ్మాయే చెప్పింది.

వాల్వు లేక మాకూ అవస్థే. మా వీధిలో పైపు పగిలిందంటే, ఇక్కడ నీళ్లు ఆపే దారి లేక సగం ఊరికి కట్టేస్తారు. అప్పుడు అందరూ ఖాళీ బకెట్లతో బయటికొచ్చి, “ఆ పదిహేడు ఎక్కడ చచ్చిందో” అని తిట్టుకుంటారు. నేను తల వంచుకుని లోపలికి పోతాను.

మొదటి రోజు మూడడుగులు తవ్వారు. పైపు బయటపడింది. ఒక్క అతుకైనా లేకుండా నున్నగా సాగిపోతోంది. రెండో రోజు అటు రెండు గజాలు, ఇటు రెండు గజాలు. అదే పైపు, అదే నునుపు.

తవ్వుతున్న ఫిట్టరు గునపం పక్కన పడేశాడు. “అమ్మాయ్, ఇంకొంచెం తవ్వితే భూమికి అవతలి పక్క తేలతాం. అక్కడివాళ్లని అడుగుదాం.”

“నీకేం బాబాయ్, ఎన్ని కబుర్లైనా చెప్తావు. నెలాఖరుకి ఇంటికి పోవాల్సింది నేను.” ఆ అమ్మాయి మట్టి దిబ్బ మీద కూలబడింది.

నేను దగ్గరికి వెళ్లాను. “అమ్మా, ఒక మాట,” అన్నాను.

“చెప్పండి తాతయ్యా.”

“ఎండగా ఉంది. కుర్చీ తెస్తానుండు.”

లోపల మా ఆవిడ ఎదురొచ్చింది. “ఇన్నేళ్లుగా తవ్వినవాళ్లందరికీ కుర్చీలు మోస్తూనే ఉన్నారు. ఏం, ఆ గుంతలో మీ తాతగారు లంకెబిందెలేమైనా పాతిపెట్టారా?”

నేను కుర్చీ తీసుకుని బయటికి నడిచాను.

మర్నాడు ఆ అమ్మాయి తవ్వించలేదు. ఆఫీసు రికార్డు గదిలో అసలు పటం ఉందని, భూతద్దం పట్టుకుని అక్కడికి వెళ్లిందట. సాయంత్రం వచ్చి గుంత చుట్టూ ఒకసారి తిరిగింది. పెదవి బిగించుకుని ఉంది. నవ్వు ఆపుకుంటోందో, ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు.

“ఏమైనా కనిపించిందా?” అన్నాను.

“చుక్క చాలా బాగా కనిపించింది తాతయ్యా. రెండు రోజులు ఈ వీధిలోకి ఎవర్నీ రానివ్వం. మీకు వేరే పనులుంటే చూసుకోండి.”

మేమిద్దరం కూతురింటికి వెళ్లాం. మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గేటు ముందు జనం. గుంతలో, నున్నటి పైపుకి నట్టనడుమ, పదిహేడో వాల్వు.

నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను.

స్కేలుబద్ద గుంతలోకి వంగి కొలుస్తున్నాడు. “నేను చెప్పలేదూ? పటంలో ఉన్నచోటే ఉంది. అంగుళం తేడా లేదు.” వాల్వును వేలితో గీకి చూశాడు. “అవునుగానీ, ఇన్నేళ్లు మట్టిలో ఉండి తుప్పు పట్టలేదేం?”

“పాతకాలం ఇనుము సార్. ఇప్పుడలాంటివి ఎక్కడొస్తున్నాయి,” అన్నాడు ఫిట్టరు, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని.

వాల్వు తిప్పారు. మా వీధిలో కుళాయిలు ఆగాయి. పక్క వీధుల్లో ఆగలేదు. స్కేలుబద్ద అందరి ముందూ ఆ అమ్మాయిని మెచ్చుకుని, పర్మనెంటు కాగితం తనే పైకి పంపిస్తానన్నాడు.

అతను వెళ్లాక ఆమె ఒక ఫారం తెచ్చింది. “వీధిలో పెద్దవారు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. మీరు పెట్టండి తాతయ్యా.”

“నేనెందుకమ్మా?”

“దీని సంగతి మీకంటే బాగా తెలిసినవాళ్లెవరున్నారు?”

‘పదిహేడో నంబరు వాల్వు పటంలో చూపిన చోటనే ఉన్నది’ అని రాసి ఉంది. సంతకం పెట్టాను.

ఆమె ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. కళ్లు చిట్లించి నవ్వింది.

“దీన్నెక్కడో చూశాను సుమండీ,” అంటూ కాగితం మడిచింది. “ఇక మీరు ఎవరికీ కుర్చీ మొయ్యక్కర్లేదు. మీ బాకీ తీరిపోయింది.”

ముప్పై ఒక్క ఏళ్ల కిందట అదే ఆఫీసులో కూర్చుని ఆ పటం గీసి, అడుగున ఆ సంతకమే పెట్టినవాణ్ణి నేను. పదిహేడో చుక్క ఆ రోజు నా బొటనవేలి కింద నలిగిన దోమ.