ఖాళీ ప్లగ్గు

“ఆ ప్లగ్గు ఐదు నిమిషాలు వదలండి. కొబ్బరి పచ్చడి చేసుకోవాలి,” అంది నజీరా, మిక్సీ వైరు చేత్తో పట్టుకుని.

“సోల్డరింగ్ ఐరన్ ఇప్పుడే వేడెక్కింది. కాస్త ఆగు,” అన్నాడు హుమాయూన్, విప్పిన టీవీలోంచి తలెత్తకుండా.

“ఆగీ ఆగీ నేనూ ఆ గోడ గడియారంలా అయిపోయాను. కూతురి పెళ్ళినాడు ఆగింది. ఆర్నెల్లుగా ఒక్క పెన్సిల్ సెల్లు తేలేకపోయారు!”

“తెస్తాలేవే. గడియారం చూసుకుని నువ్వెక్కాల్సిన రైలేముంది?”

ఆ ఆదివారం మంగళగిరి నుంచి కూతురు అఫ్సాతో కలిసి వచ్చిన అల్లుడు తారిక్, ఈ తగువు విని నవ్వాడు. సంచిలోంచి లావుపాటి పెన్నులాంటి వస్తువొకటి తీశాడు.

“బ్యాటరీ సోల్డరింగ్ ఐరన్, మామయ్యా. ఇక ప్లగ్గు గొడవే ఉండదు.”

“ముప్ఫై ఏళ్ళుగా టీవీలు బాగుచేసే చేతికి ఈ ఆటబొమ్మా? దీనికి సీసం కరుగుతుందటయ్యా?”

కరిగింది. పెద్ద అతుకుల దగ్గర నీళ్ళు నమిలినా, సన్నతీగల దగ్గర పాతదానికేం తీసిపోలేదు.

“నాలుగు పెన్సిల్ సెల్లులూ బాగుండాలంతే. ఒక్కటి చచ్చినా వేడెక్కదు,” అన్నాడు తారిక్. “కరెంటు పోయినా పని ఆగదు. మీరే ఇళ్ళకు వెళ్ళి బాగుచేసి రావచ్చు.”

బియ్యం ఏరుతున్న నజీరా చేటలోంచి తలెత్తి చూసింది.

సోమవారం నుంచి హుమాయూన్ బయల్దేరాడు. ఒకరోజు గవర్నర్‌పేట, ఒకరోజు మైలవరం. పొద్దున్నే వెళ్తే మళ్ళీ దీపాలవేళకే రావడం. “మైలవరంలో నెలకు సరిపడా పనుందే!” అనేవాడు సంబరంగా. తిని పడుకునేవాడు.

ప్లగ్గు రోజంతా ఖాళీ. బుధవారం నజీరా తీరిగ్గా కొబ్బరి పచ్చడి చేసింది. ఉప్పెక్కువైందని సాధించే మనిషి ఎదురుగా లేడు. గురువారం మిక్సీ తీయనేలేదు. మూలనున్న పాత ఐరన్ దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

శనివారం హుమాయూన్ మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. టీవీ విప్పి కూర్చున్నాక ఐరన్ వేడెక్కలేదట. నజీరా అన్నం పెట్టింది.

మర్నాడు అఫ్సా, తారిక్ మళ్ళీ వచ్చారు. నలుగురూ భోజనానికి కూర్చున్నారు.

“ఎలా ఉంది మామయ్యా, మన బ్యాటరీ ఐరన్?”

“మంచి వస్తువే. కానీ నువ్వే తీసుకెళ్ళు. రేపట్నుంచి పాతదాంతోనే పని, అదీ ఇంట్లోనే. కావలసినవాళ్ళు టీవీలు మోసుకొస్తారు.”

“అదేంటి మామయ్యా! సెల్లులు తీసి చూశారా అసలు?”

“చూశాను,” అన్నాడు హుమాయూన్, గోడవైపు తలెత్తి.

నజీరా కంచంలోకే చూస్తోంది.

గడియారం నడుస్తోంది.