కందిరీగ గూటికి కాడ

ఈ కథ మొదట చెప్పింది తాటాకిళ్లు కప్పే సూరప్పడు.

ఒక చూరు కింద ఇద్దరు కందిరీగ అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే గూళ్లు కట్టుకున్నారు. పాత గుంజను గీకి, ఆ పొట్టును ఎంగిలితో నమిలి, కాగితంలా పలచగా సాగదీసి గదులు పేర్చారు. అక్క తన గూటిని సన్నటి కాడతో వేలాడదీసి, రోజూ ఆ కాడకి తన ఒంట్లో ఊరే పసరు పూసేది.

"అంత పీల కాడేమిటక్కా, నలుగురూ చూస్తే నవ్విపోతారు" అంటూ చెల్లెలు తన గూటికి బొటనవేలంత కాడ పెట్టింది.

"అంత లావు కాడకి పసరెక్కడ చాలుతుందే? చీమలకి బాట వేసినట్టే" అంది అక్క.

"నీదంతా చాదస్తం."

ముసురు పట్టగానే చీమలు చూరెక్కాయి. పసరు వాసనకి అక్క గూడు వదిలేసి, చెల్లెలి కాడ మీదుగా దిగి, పిల్లల్ని ఒక్కటీ మిగల్చకుండా మోసుకుపోయాయి.

అక్క పల్లెత్తు మాటనకుండా చెల్లెల్ని తన గూట్లోకి రానిచ్చింది. చెల్లెలేమో వచ్చేపోయే ఈగలన్నిటితో, "నా గూడు గాలికి పోయింది, అక్క పని సరిగా నేర్పలేదు" అని చెప్పుకుంది.

అక్కకి ఆ మాట ముల్లులా దిగింది. గోడ మీది బల్లికి అందనంత దూరంలో వాలి అంది:

"బల్లెమ్మా, నువ్వు పలికితే మనుషులే నిజమని నమ్ముతారు. చీమలే తిన్నాయని, నేను ముందే చెప్పానని ఒక్కసారి పలుకు తల్లీ."