రేవులో విమానం

విమానం లేదు.

కామాక్షయ్య జీపు ఆపి దిగి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ముత్తుకూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఈ గట్టి ఇసుక మీదే అది పొద్దున దిగింది. అది ఆగాల్సిన చోట సున్నంతో గుర్తు తనే వేయించాడు. గుర్తు ఉంది. విమానమే లేదు.

జీపులో జర్మనీ నుంచి వచ్చిన అభ్రకం వ్యాపారి గూడూరు గనుల్లో తనకిచ్చిన అభ్రకం రేకును ఎండకు పట్టి మురిసిపోతున్నాడు. పొద్దుగూకేలోగా ఆయన్ను మద్రాసు చేర్చి, యూరప్ వెళ్లే పెద్ద విమానం ఎక్కించాలి. విదేశీ అతిథికి అద్దె విమానం ఏర్పాట్లు చూసే పని రవాణా కంపెనీ కామాక్షయ్యకు అప్పగించడం ఇదే మొదలు. ఇది చెడితే మళ్లీ సరుకు మూటల దగ్గరికే పంపిస్తానని మేనేజరు ముందే చెప్పాడు.

అనుమతులు, పెట్రోలు పీపాలు, గాలివాటం చూపే గుడ్డ, దొరకు కాచి చల్లార్చిన నీళ్లు, అన్నీ చూసుకున్నాడు. అయినా ఎక్కడో ఒక సందు మిగిలిపోతుందని, అందులోంచి అంతా జారిపోతుందని అతనికి ఎప్పుడూ ఒక భయం. పైలట్ వదిలేసి వెళ్లిపోయాడా? అసలు పొద్దున విమానం దిగిందా? రెండో ప్రశ్న పుట్టినందుకు తనకే సిగ్గేసింది.

ఇసుకలో చక్రాల జాడలు కనిపించాయి. వాటి చుట్టూ లెక్కలేనన్ని ఉత్త కాళ్ల ముద్రలు. వాటి వెంట దిబ్బ ఎక్కి అవతలికి చూశాడు.

బోర్లించిన పడవల మధ్య ఉంది విమానం. తాళ్లతో గుంజలకు కట్టేశారు. రెక్కల మీద తాటాకులు కప్పారు. ముక్కుకు పసుపు పూశారు.

"ఎవరు చేశారిది?"

వల బాగుచేస్తున్న ఆడవాళ్లలో మస్తానమ్మ అనే ఆమె లేచింది. "మావోళ్లేనయ్యా. వేటకు పోతా పోతా లాగి పెట్టినారు."

"ఎవరు లాగమన్నారు?"

"ఒకరు చెప్పాల్నా? రేవుకొచ్చిందాన్ని నీళ్ల పక్కన వదిలేస్తామా? పోటుకు కొట్టుకుపోతే మాట మాకు గదా."

"ఇది పడవ కాదమ్మా."

"తెలస్తానే ఉండాది. పడవైతే ఇంత తేలిగ్గా వస్తాదా?"

ఆడవాళ్లంతా నవ్వారు.

"మేం ఈ సాయంత్రమే తిరిగి వెళ్లాలి."

"ఆ మాట పొద్దున చెప్తిరా? విమానం వస్తాది, పిల్లకాయల్ని దూరంగా పెట్టండి అంటిరి. పోతాది అని అంటిరా?"

కామాక్షయ్య తన మనసులో అంత స్పష్టంగా ఉన్న సంగతి ఎదుటివాళ్లకు చెప్పినట్టే అనుకున్నాడు. సందు ఇదన్నమాట.

అద్దం వెనక పైలట్ టోపీ కనిపించింది. ఆకుల చలువకు లోపల హాయిగా నిద్రపోతున్నట్టున్నాడు. అతన్ని మందలించడం తర్వాత, ముందు విమానం గుర్తు దగ్గరికి చేరాలి.

"కొంచెం సాయం పట్టండక్కా."

మస్తానమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుంది. ఆడవాళ్లు తాళ్లు అందుకున్నారు. జీపు దిగి వచ్చిన దొర కూడా కోటు విప్పి పక్కన చేరాడు.

"చేతులు వెన్నముద్దలమాదిరి ఉండాయి. మెల్లిగా, దొరా, తాడు కోస్తాది," అందొకామె. ఆయన అర్థంకాక నవ్వి మరింత గట్టిగా లాగాడు.

విమానం దిబ్బ దాటి సున్నం గుర్తు మీద నిలబడింది. పొద్దు ఇంకా తాటిచెట్టంత ఎత్తున ఉంది. కామాక్షయ్య చెమట తుడుచుకుని, ఆ రోజులో మొదటిసారి సముద్రం వైపు తీరిగ్గా చూశాడు. దూరంగా తెరచాపలు చుక్కల్లా ఉన్నాయి. బాగుంది అనుకున్నాడు.

తలుపు తట్టాడు. పలుకు లేదు. తీసి చూశాడు. సీట్లో టోపీ ఒక్కటే ఉంది.

"పైలట్ ఏడక్కా?"

"ఆయన చెట్టు కింద నిద్ర లేచేతలికి విమానం దిబ్బ అవతల ఉండాది. ఈ పూటకు ప్రయాణం లేదని మీరే కబురు పంపినారనుకున్యాడు," అని మస్తానమ్మ గడ్డంతో తెరచాపల వైపు చూపించింది. "మావోళ్లతో వేటకు పోయినాడు, రేపు పొద్దునకు వస్తాడు."