మూడో బాదం

“తినండి, చల్లారిపోతోంది,” అంటూ నా భార్య ఆల్వా పాయసం గిన్నె నా ముందుకు జరిపింది.

మా నాయనమ్మ స్వీడన్ నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు మోసుకొచ్చిన ఆచారం ఇది. క్రిస్మస్ పాయసం మొత్తానికి ఒకే ఒక్క బాదం గింజ. అది ఎవరి గిన్నెలో పడితే కొత్త ఏడాది అదృష్టమంతా వాళ్లదే. నలభై ఏళ్లలో నాకొక్కసారీ పడలేదు.

ఈసారి రెండో చెంచాలోనే పంటికి తగిలింది. కాసేపు ఊరిద్దామని బుగ్గన పెట్టుకున్నాను.

నాలుగో చెంచాలో ఇంకోటి తగిలింది.

ఆల్వా తలెత్తలేదు. కూతురు సిగ్నె కిటికీలోంచి మంచు చూస్తోంది.

“డాక్టరు ఏమన్నాడన్నావే?”

“ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? నీ కడుపులో ఉన్నది మామూలు పుండేనట. మందులతో పోతుందట.”

మూడో గింజ గిన్నె అడుగున ఉంది.

“బాదం ఎవరికొచ్చింది?” ఏటా దీన్ని చాదస్తమని వెక్కిరించే కొడుకు ఆర్విడ్ అడిగాడు.

బుగ్గనున్న రెండూ నమిలితే చప్పుడవుతుందని అలాగే మింగేశాను. మూడోది పైకెత్తి చూపించాను.

“నాకేనర్రా! ఇన్నాళ్లకి!”

ముగ్గురూ, ఎవరికి వారు అది తాము వేసిందేననుకుని, చప్పట్లు కొట్టారు.