క్షమాపణ లేని క్రిస్మస్

"చదవను," అన్నాడు ఆర్విల్, కాగితాన్ని మైకు ముందు బోర్లా పెట్టి.

అద్దం అవతల నిర్మాత మిల్టన్ తల పట్టుకున్నాడు. క్రిస్మస్‌కి టీవీలో రావాల్సిన బొమ్మల సినిమా అది. బొమ్మలు గీయడం అయిపోయింది. కథ చెప్పే గొంతు ఒక్కటే మిగిలింది.

"ఏముంది పెద్దాయనా అందులో? 'వంకర రెక్క బాతుపిల్లను అందరూ అక్కున చేర్చుకున్నారు, పండగ చేసుకున్నారు.' నాలుగు ముక్కలు!"

"ఏడాదంతా దాన్ని చూసి పగలబడి నవ్వారు. గుంపులోంచి తరిమేశారు. నక్క వచ్చిన రాత్రి ఆ పిల్ల అరిచి అందర్నీ లేపేసరికి ముద్దొచ్చిందా? ఒక్కరైనా 'తప్పయింది' అన్నారా?"

"ఇది పిల్లల సినిమా అండీ బాబూ, కోర్టు కాదు!"

"పిల్లలు చూస్తారనే నా గొడవ. అవసరానికి వాటేసుకుంటే చేసిన తప్పు మాఫీ అయిపోతుందని నా నోటితో చెప్పను. వాళ్ళచేత క్షమాపణ చెప్పించు, చదువుతాను."

"న్యూయార్క్‌లో గొంతులకి కరువొచ్చిందా? మీరు కాకపోతే ఇంకొకరు!"

"తెచ్చుకో."

ఆర్విల్ కోటు తొడుక్కున్నాడు. రేడియో నాటకాలు మూతపడ్డాక ఇన్నాళ్ళకి దొరికిన పని ఇది. అయినా బొత్తాలన్నీ పెట్టుకున్నాడు.

మిల్టన్ పళ్ళు కొరుకుతూ ఫోను తిప్పాడు. సినిమాకి డబ్బు పెట్టింది బిస్కెట్ల కంపెనీ యజమాని క్రాండల్. మిల్టన్ జరిగిందంతా ఆయన సెక్రటరీకి ఏకరువు పెట్టాడు. కాసేపటికి అతని మొహం పాలిపోయింది.

"అయ్యగారు మీతోనే మాట్లాడతారట! నాతోనే ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదాయన. అయిపోయారు పెద్దాయనా!" అంటూ రిసీవర్ అందించాడు.

ఆర్విల్ గొంతు తగ్గించలేదు. "అయ్యా, రెక్క వంకరైనందుకు కాదు, అందరూ నవ్వినందుకు ఏడ్చింది ఆ పిల్ల. నవ్విన నోళ్ళు ఒక్క మాట అనకుండా తప్పించుకుంటే ఆ కథ నేను చెప్పను. తీసేస్తే తీసేయండి!"

మిల్టన్ రిసీవర్ దగ్గరికి చెవి ఒగ్గాడు. ఆర్విల్ రిసీవర్ దించలేదు, సంజాయిషీ చెప్పుకోలేదు. అలాగే నిలబడ్డాడు.

చివరికి క్రాండల్ నోరు తెరిచాడు.

"క్ష... క్షమాపణ చె... చెప్పించండి. మా బ... బళ్ళో వాళ్ళు నా... నాకింకా చె... చెప్పలేదు."