చెవుల్లో దూది

…కానీ నిన్న రాసిందంతా ఏపాటి భయం! అసలు భయం ఇవాళ పట్టుకుంది.

వృద్ధుల సేవ కోర్సులో ఇవాళ మమ్మల్ని ముసలివాళ్లను చేశారు. చేతులకు మందపాటి గ్లవ్స్ తొడిగి, చెవుల్లో దూది కుక్కారు. వృద్ధుల హోంలో ఉండే ఒక బామ్మగారు తన మాత్రల పేర్లు చెబుతుంటే మేం డబ్బాలో సర్దాలి.

క్లాసంతా ఒకటే గోల. "బామ్మగారూ, ఒక్క ముక్క వినపడితే ఒట్టు!"

"ముసలోళ్లకి చెప్పడమంటే ఇంతేనే, చెవిటోడి ముందు శంఖం ఊదడమే" అంది నా పక్కనున్న అమ్మాయి. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

బామ్మగారి పెదాలే చూస్తూ, ఒక్క తప్పు లేకుండా సర్దేశాను. అందరితోపాటు దూది తీసేసి, డబ్బా మూత పెడుతుంటే భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి తిరిగాను. బామ్మగారు.

"వెనకనుంచి నాలుగుసార్లు పిలిచానే తల్లీ. దూది తీసేశావుగా, మరి పలకవేం?"

ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "ఎవరికీ చెప్పకండి బామ్మగారూ. తెలిస్తే కోర్సులోంచి పంపించేస్తారు."

"నాకు ఎనభై దాటాక వచ్చింది, నీకు పదహారుకే వచ్చింది. అంతేగా? చెవిలో మిషన్ పెట్టుకోడానికి నాకు లేని సిగ్గు నీకెందుకే? ఇవాళే మీ అమ్మకి చెప్పు. లేదంటే నేనే ఫోన్ చేస్తా."

ఇంకా చెప్పలేదు. నోరు రావట్లేదు.

తలుపుకి తగిలించిన తువ్వాలు ఊగుతోంది. అమ్మ తలుపు కొడుతోందన్నమాట, ఎంతసేపటి నుంచో ఏమో. ఈ కాగితాలు పరుపు కిందకి తోసేస్తున్నా