గిల్లిన చెయ్యి

స్నానం చేయిస్తుంటే పిల్లాడి తొడ మీద గుర్తులు కనిపించాయి. చర్మం కమిలి నల్లబడింది.

భర్త డే కేర్‌కి ఫోన్ చేస్తే దోమ కుట్టి ఉంటుందన్నారు.

"దోమకి గోళ్లుంటాయటండీ?" అంది ఆమె.

పిల్లాణ్ని మాన్పించేద్దామన్నాడు భర్త. ఆమె ససేమిరా అంది. మాన్పిస్తే గిల్లిన చెయ్యి ఎవరిదో ఎప్పటికీ తెలియదు. ఆమెకు ఆ చెయ్యి కావాలి.

పిల్లాణ్ని రోజూ దింపేదీ తెచ్చేదీ భర్తే కనుక అక్కడెవరూ ఆమె ముఖం ఎరగరు. అట్టపెట్టెల కంపెనీలో పని మానేసి, అదే డే కేర్‌లో కొత్త ఆయాగా చేరింది.

"సస్పెన్స్ సినిమాలు చూసీ చూసీ నీకు పైత్యం ముదిరింది. వాటిల్లో ఎవరి మీద అనుమానం రాదో వాళ్లే దొంగలు, గుర్తుపెట్టుకో," అని ఎగతాళి చేశాడు భర్త.

ఇది సినిమా కాదు, నా కొడుకు తొడ అనుకుంది మనసులో.

మొదటి రోజే ప్రాణం పోయినంత పనైంది. పిల్లాడు ఆమెను చూడగానే కేరింతలు కొట్టి చేతులు చాపాడు. ఎత్తుకుంటే ఎక్కడ బయటపడుతుందోనని పక్క ఉయ్యాల దగ్గరికి వెళ్లిపోయింది. వాడి ఏడుపు వీపుకు తగులుతూనే ఉంది.

పాలవాసన, పౌడరు వాసన కలగలిసిన పొడుగాటి గది. వరసగా ఉయ్యాలలు. వంటావిడకు చెవులు సరిగా వినపడవు, వంటగది దాటి రాదు. డే కేర్ నడిపే మేడమ్ మాట మెత్తన. ఆవిడ గదిలో అడుగుపెడితే చాలు, గుక్కపెట్టి ఏడ్చే పిల్లలు కూడా మంత్రం వేసినట్టు నోళ్లు మూసేవారు. ఎంత అనుభవమో అని కొత్త ఆయా ముచ్చటపడింది.

ఇక మిగిలింది పొడుగు ఆయా.

ఆమె కొత్త ఆయా కంటే కాస్త ముందు చేరింది. ఎవరితోనూ కలవదు. ఇల్లెక్కడంటే "ఇక్కడే" అంటుంది. పిల్లలెంతమందంటే గిన్నెలు తోమడానికి లేస్తుంది. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు పిల్లల చొక్కాలు పైకెత్తి ఒళ్లంతా పరీక్షగా చూస్తుంది. ఒకరోజు ఓ పాప ఆమె వైపే చూస్తూ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఎత్తుకోవడం అటుంచి, ఆమె గోడవైపు తిరిగి బట్టలు మడతపెట్టుకుంటూ నిలబడింది. అది మనసో బండరాయో అర్థం కాలేదు కొత్త ఆయాకు.

పైగా నీడలా వెంటపడేది. కొత్త ఆయా ఏ ఉయ్యాల దగ్గర ఉంటే ఆమె చూపులు అక్కడే.

ఒక మధ్యాహ్నం పిల్లలంతా నిద్రలో ఉన్నారు. మేడమ్ చూసి పోవడానికి వచ్చారు కదా అన్న ధైర్యంతో కొత్త ఆయా పాలసీసాలు కడగడానికి వెళ్లింది. కుళాయి చప్పుడు మధ్యలో కొడుకు ఏడుపు వినపడింది. సీసా వదిలేసి పరిగెత్తింది.

ఉయ్యాల మీదికి వంగి ఉంది పొడుగు ఆయా. పిల్లాడి నిక్కరు పైకి మడిచి ఉంది. తొడ మీద ఎర్రగా తాజా గుర్తు.

"ఏం చేశావ్ వాణ్ని?"

పొడుగు ఆయా నెమ్మదిగా తలెత్తింది. "ఇంతసేపూ నువ్వెక్కడున్నావ్?"

"నన్నడుగుతున్నావా?"

"నిన్నే. ఎప్పుడు చూసినా ఈ పిల్లాడి చుట్టే తిరుగుతావ్. ఏంటి సంగతి?"

తప్పు చేసింది చాలక పైగా దబాయింపు. అక్కడే జుట్టు పట్టుకుందామనుకుంది. కానీ రెండు దెబ్బలతో తీరే కసి కాదు. ఉద్యోగం పోతే మాత్రం ఏమవుతుంది, ఇంకో చోట చేరుతుంది. పిల్లలున్న ఏ గుమ్మమూ ఆమెను లోపలికి రానివ్వకూడదు.

మేడమ్ గదికి వెళ్లి, గిల్లుతుంటే నా కళ్లతో చూశానని చెప్పింది. చూడలేదు. అయినా ఆ అబద్ధం చెప్పడానికి నోరు తడబడలేదు. తల్లిదండ్రులంతా వచ్చాక అందరి ముందూ తేల్చమంది. మేడమ్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. భుజం తట్టి, నీలాంటి మనిషి కోసమే చూస్తున్నానన్నారు.

సాయంత్రం హాల్లో అందరూ పోగయ్యాక మేడమ్ వేలు చూపించి మరీ పేరు బయటపెట్టారు. ఒకాయన సెల్ తీసి పొడుగు ఆయాను ఫోటో తీశాడు. పోలీసులకు అప్పగించాలంది ఒకావిడ. ఈ ఫోటో చూశాక ఊళ్లో ఎవరిస్తారు పని అన్నారు ఇంకెవరో.

కొత్త ఆయాకు కడుపు నిండినట్టయింది. అయినా ఇంకొంచెం మిగిలి ఉంది. దగ్గరికెళ్లి, ముఖంలో ముఖం పెట్టి అంది.

"కని పెంచితే తెలిసేది నీకు."

పొడుగు ఆయా పెదవులు అదిరాయి. ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. జనం పక్కకు తప్పుకుంటే గుమ్మం దాకా నడిచింది. అక్కడ మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చిన తాతగారొకరు నిలబడి ఉన్నారు. ఆయన చంకలోని పాపను ఆమె చేతికి అందించారు.

పాప ముఖాన్ని భుజానికి ఆనించుకుని పొడుగు ఆయా మెల్లగా అంది. "పద తల్లీ, నిన్ను గిల్లిందెవరో తెలుసుకోనివ్వకుండానే అమ్మని పంపించేస్తున్నారు."